పాత ఫోటోలను అడగండి



పోయిన మాఘమాసపు ముహూర్తాలు అయిపోయాక ఒక రోజు తెనాలి నుంచి ఓ కుర్రాడు మా ఇంటికి వచ్చాడు. పెళ్లి ఫోటోలు తీస్తాడు. ఆరేడేళ్లుగా అదే బతుకుతెరువు. సంచిలోంచి కొత్త డబ్బా ఒకటి జాగ్రత్తగా తీసి బల్ల మీద పెట్టాడు. "అన్నా, ఫుల్ ఫ్రేమ్ కొన్నాను" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి ముఖం వెలిగిపోతోంది. అంతలోనే గొంతు తగ్గించాడు. "బాడీకే డబ్బంతా అయిపోయిందన్నా. ఇంకొక్క లెన్స్ కొనగలను. ఒక్కటంటే ఒక్కటే. ఏది కొనమంటావు?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "తమ్ముడూ, నీ పాత ఫోటోలు ఏమైనా తెచ్చావా?" అని అడిగాను.

లెన్స్ గురించి అడిగితే ఈయన ఫోటోలు అడుగుతాడేమిటి అన్నట్టు చూశాడు. కానీ ఈ పూట మీకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చిన్న కెమెరా నుంచి ఫుల్ ఫ్రేమ్‌కి మారుతున్నవాళ్లు ఏ లెన్స్ కొనాలన్నది దుకాణంలో తేలదు. స్నేహితుడి సంచి చూసినా తేలదు. ఇన్నాళ్లూ మీరు తీసిన ఫోటోలే ఆ మాట చెబుతాయి. ముందు వాటిని అడగాలి. ఎలా అడగాలో చెబుతాను. దానికి ముందు ఈ ఫుల్ ఫ్రేమ్ అన్న మాట సంగతి చూద్దాం.

కెమెరా లోపల వెలుగు వచ్చి పడే పలక ఒకటి ఉంటుంది. దాన్నే సెన్సర్ అంటున్నాం. ఒకప్పుడు ఆ చోట రీలు ఉండేది. రీలు మీద ఒక్కో బొమ్మ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నది. జర్మనీలోని లైట్స్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన పనిచేసేవాడు. ఆయన సినిమా రీలును తీసుకుని, సినిమా బొమ్మకు రెట్టింపు సైజులో ఫోటో పడేలా చిన్న కెమెరా ఒకటి తయారుచేశాడు. 1925లో అది లైకా అనే పేరుతో బజారుకు వచ్చింది. అప్పటి నుంచి ఆ సైజే లోకమంతా స్థిరపడింది. ఇప్పుడు మన డిజిటల్ కెమెరాలో సెన్సర్ సరిగ్గా ఆ పాత రీలు బొమ్మంత ఉంటే, దాన్ని ఫుల్ ఫ్రేమ్ అంటున్నాం.

కాబట్టి ఇది కొత్త వస్తువేమీ కాదండీ. మీ ఇంట్లో 1980ల నాటి ఆల్బం ఉంటే తీసి చూడండి. 36 ఫోటోల రీలు వేసి తీసినవన్నీ ఫుల్ ఫ్రేమ్ ఫోటోలే. ఆ రోజుల్లో మన ఊళ్ల స్టూడియోల్లో చాలామందికి ఒకే ఒక్క లెన్స్ ఉండేది. 50 ఎంఎం. దానితోనే పెళ్లి, దానితోనే బారసాల, దానితోనే పాస్‌పోర్టు ఫోటో.

డిజిటల్ కాలం మొదలైనప్పుడు అంత పెద్ద సెన్సర్ చేయడం చాలా ఖరీదు. అందుకని చిన్న సెన్సర్లు చేశారు. మనలో ఎక్కువమంది నేర్చుకున్నది ఆ చిన్న సెన్సర్ల మీదే. వాటినే మనవాళ్లు క్రాప్ సెన్సర్ అంటారు. కానన్ 2002లోనే ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ తెచ్చింది, నికాన్ 2007లో తెచ్చింది. కానీ అవి చిన్న ఊరి ఫోటోగ్రాఫర్‌కి అందే ధరలు కావు. ఇప్పుడిప్పుడే అందుతున్నాయి. అందుకే ఈ మాటలు ఇప్పుడు అవసరం.

ఇక అసలు సంగతికి వస్తాను. రాత్రి కరెంటు పోయినప్పుడు టార్చిలైటు గోడ మీదికి వేశారనుకోండి. గోడ మీద గుండ్రటి వెలుగు పడుతుంది. లెన్స్ చేసే పని కూడా అదే. లోపల ఒక గుండ్రటి బొమ్మను వేస్తుంది. ఆ వెలుగులో ఒక పోస్టుకార్డు పెట్టండి. కార్డు నిండా వెలుగే. కార్డు తీసేసి అక్కడే పెద్ద క్యాలెండరు పెట్టండి. మధ్యలో వెలుగు, నాలుగు మూలలా చీకటి.

ఆ పోస్టుకార్డు మన పాత కెమెరా. ఆ క్యాలెండరు కొత్త ఫుల్ ఫ్రేమ్ కెమెరా. పాత కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ చిన్న టార్చిలైటు. పోస్టుకార్డుకు సరిపోయేంత వెలుగే అది వేస్తుంది. దాన్ని తెచ్చి ఫుల్ ఫ్రేమ్‌కి బిగిస్తే మూలలు నల్లబడతాయి. లేదా కెమెరా తెలివిగా ఆ మూలలు వదిలేసి మధ్య భాగం మాత్రమే తీసుకుంటుంది. అప్పుడు మీరు పెద్ద కెమెరా కొని చిన్న కెమెరాలా వాడుతున్నట్టు. 24 మెగాపిక్సెళ్ల బాడీ సుమారు 10 మెగాపిక్సెళ్లకు దిగిపోతుంది.

ఈ దెబ్బ నేను తిన్నాను. చాలా ఏళ్ల కిందట మొదటిసారి, లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ ఫుల్ ఫ్రేమ్ కొన్నప్పుడు, మధ్యన తగిలించే అడాప్టర్ వేసి నా పాత క్రాప్ లెన్స్ బిగించుకుని పెళ్లికి వెళ్లాను. వ్యూఫైండర్‌లో బొమ్మ నిండుగా కనబడుతోంది. మూలలు నల్లగా లేవు. అంతా బాగుందనుకున్నాను. కెమెరా తనంతట తానే కుదించుకుని తీస్తోందని చూసుకోలేదు. అప్పగింతల వేళ పెళ్లికూతురి నాయనమ్మ ఆ పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుని ఏడ్చింది. ఆ పెళ్లి మొత్తంలో మంచి ఫోటో అదే. దాన్ని ఆల్బంలో రెండు పేజీల మీదా పరిచి వేయమన్నారు. 12 బై 36 షీటు. వేస్తే ముఖాలు పిండి పిండిగా వచ్చాయి. చిన్నదిగా ఒక మూలకు సర్దాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్లు ఏమీ అనలేదు. కానీ నాకు ఇప్పటికీ ఆ ఫోటో గుర్తొస్తే బాధగానే ఉంటుంది. కెమెరా తప్పేమీ లేదు. నేను చూసుకోవలసింది చూసుకోలేదు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. చిన్న టార్చిలైటు పెద్ద క్యాలెండరుకు చాలదు. కానీ పెద్ద టార్చిలైటు చిన్న పోస్టుకార్డుకు చక్కగా పనికొస్తుంది. అంటే, బిగింపు కుదిరితే, ఫుల్ ఫ్రేమ్ లెన్స్ మీ పాత క్రాప్ బాడీ మీద కూడా పనిచేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. దీని మీదే తర్వాత ఒక పెద్ద సలహా నిలబడి ఉంది.

ఇప్పుడు తెనాలి కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడు హార్డ్ డిస్క్ తీశాడు. మూడు పెళ్లిళ్ల ఫోటోలు తెరిచాం. డిజిటల్ ఫోటో ప్రతిదాని లోపలా ఒక చిట్టా దాగి ఉంటుంది. ఏ లెన్స్, ఎన్ని ఎంఎం దగ్గర, అంటే ఎంత వెడల్పు చూపుతో తీశారు, ఎపర్చర్ ఎంత, అన్నీ అందులో రాసి ఉంటాయి. కంప్యూటర్‌లో ఫోటో ప్రాపర్టీస్ తెరిస్తే కనబడతాయి. అన్ని ఫోటోలూ చూడలేదు. పెళ్లివారు ఆల్బం కోసం ఏరుకున్నవి మాత్రమే చూశాం. తీసినవన్నీ చూస్తే మన అలవాటు తెలుస్తుంది. ఏరినవి చూస్తే పనికొచ్చింది ఏమిటో తెలుస్తుంది. మనకు కావలసింది ఆ రెండోదే.

కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాం. గంట పట్టింది. వాడి దగ్గర మూడు లెన్సులున్నాయి. 17-50 జూమ్ ఒకటి, 55-250 జూమ్ ఒకటి, 50 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి. ఆ మూడో లెన్స్ అన్నిటికన్నా చవకది. వాడి అంచనా ఏమిటంటే, పెద్ద జూమ్‌తోనే ఎక్కువ తీస్తానని. తీరా చూస్తే ఏరిన ఫోటోల్లో దాని వాటా చాలా తక్కువ. సగానికి పైగా 17కీ 28కీ మధ్యన ఉన్నాయి. మండపం మీద చోటు ఉండదు కదా. పురోహితుడు, కన్యాదాత దంపతులు, మేనమామ, వీడియో తీసేవాళ్లు, అంతా ఆ నాలుగు గజాల్లోనే. ఇక మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఆ చవక 50తో తీసినవి. పెళ్లికూతురు బుగ్గన చుక్క పెట్టించుకుంటున్నది, తలంబ్రాల వేళ నవ్వుతున్నది. అన్నీ దానివే.

చూశారా, ఇక్కడే జవాబు సగం దొరికింది.

మిగతా సగానికి చిన్న లెక్క ఒకటి చేయాలి. భయపడకండి, ఒక్కటే లెక్క. పాత క్రాప్ కెమెరాలో మీరు వాడిన నంబరును ఒకటిన్నరతో హెచ్చవేయండి. కానన్ అయితే ఇంకొంచెం ఎక్కువ, 1.6తో. వచ్చిన జవాబే ఫుల్ ఫ్రేమ్‌లో మీకు కావలసిన నంబరు. పాత కెమెరాలో 18 అంటే కొత్తదాంట్లో 27. పాతదాంట్లో 50 అంటే కొత్తదాంట్లో 75, కానన్‌లో 80.

ఎందుకు ఇలా? లెన్స్ మారలేదు కదా అంటారు. నిజమే, మారలేదు. పోస్టుకార్డు ఆ వెలుగులో మధ్య ముక్కనే పట్టుకునేది. క్యాలెండరు చుట్టుపక్కలంతా పట్టుకుంటుంది. అందుకే అదే 50 ఎంఎం, అదే చోట నిలబడి తీసినా, ఫుల్ ఫ్రేమ్‌లో ఎక్కువ వెడల్పు కనబడుతుంది. పెళ్లికూతురు ముఖం చిన్నదవుతుంది. పక్కనున్న కుర్చీలు, ఫ్యాన్లు, అన్నీ వచ్చి చేరతాయి.

అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, రెండడుగులు ముందుకు వేస్తారు. అక్కడ జాగ్రత్త. దగ్గరికి వెళ్తే ముఖం తీరు మారుతుంది. ముక్కు కాస్త పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. పాత కెమెరాలో 50తో మీరు తెచ్చిన ఆ ముద్దైన ముఖం ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే, పాత చోటే నిలబడి 85 ఎంఎం వాడాలి. ముఖాలు తీసేవాళ్లందరూ ఫుల్ ఫ్రేమ్‌కి మారగానే 85 కోసం వెతకడానికి కారణం ఇదే.

అలాగని ఆ 50ని అమ్మేయకండి. ఒక్కసారి చూసుకోండి. మీ సంచిలో అన్నిటికన్నా చవకగా కొన్న ఆ చిన్న 50 ఎంఎం మామూలుగా ఫుల్ ఫ్రేమ్ లెన్సే అయి ఉంటుంది. కానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 అయినా, నికాన్‌ది అయినా అంతే. పదిహేను వేలు పోసి కొన్న జూమ్ పనికిరాకుండా పోయినా అది మాత్రం మీ వెంట వస్తుంది. వచ్చి, కొత్త కెమెరా మీద తన అసలు చూపు చూస్తుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాన్ జీవితకాలం ఎక్కువగా వాడింది 50 ఎంఎమ్మే. 1948 జనవరిలో ఢిల్లీలో గాంధీజీ ఆఖరి రోజులను, ఆ తర్వాత అంతిమయాత్రను తీసినవాళ్లలో ఆయన ఒకరు. ఒక్క 50తో ఎంత లోకాన్ని చూడవచ్చో తెలుసుకోవాలంటే ఆయన ఫోటోలు చూడండి.

ఇప్పుడు ఖరీదైన ప్రశ్న ఒకటుంది. ఎఫ్ 2.8 కొనాలా, ఎఫ్ 4 చాలా?

వినేవాళ్లలో కొత్తవాళ్ల కోసం ఒక మాట. లెన్స్ లోపల కంటిపాప లాంటి రంధ్రం ఉంటుంది. అదే ఎపర్చర్. నంబరు చిన్నదైతే రంధ్రం పెద్దది. వెలుగు ఎక్కువ వస్తుంది, వెనకాలది ఎక్కువ మసకబారుతుంది. ఎఫ్ 2.8 రంధ్రం ఎఫ్ 4 రంధ్రం కన్నా రెట్టింపు వెలుగు ఇస్తుంది. ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ.

ఫుల్ ఫ్రేమ్ కొన్న ప్రతివాడికీ దుకాణంలో 24-70 ఎఫ్ 2.8 చూపిస్తారు. గొప్ప లెన్సే. నేను కాదనను. కానీ క్రాప్ కెమెరా మీద ఇన్నాళ్లూ 17-50 ఎఫ్ 2.8 వాడినవాళ్లు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ విస్తీర్ణం పాతదానికి రెండు రెట్ల పైన. ఎఫ్ 4 వల్ల సగమైన వెలుగును పూడ్చడానికి ఐఎస్‌ఓ ఒక స్టాప్ పెంచినా ఫోటోలో పాత కెమెరా అంత గింజ రాదు, లేదా అంతే వస్తుంది. వెనకాల మసక కూడా ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 4 దగ్గర, పాత కెమెరా ఎఫ్ 2.8 దగ్గర ఇచ్చినంత వచ్చేస్తుంది. అంటే, ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 4 జూమ్ కొంటే మీరు ఒక మెట్టు దిగినట్టు కాదు. పాత ఎఫ్ 2.8 ఇచ్చినదంతా అది ఇస్తుంది.

ఈ మాట ఇంకోసారి చెబుతాను, దీని వల్ల చాలామందికి అప్పు తప్పుతుంది. క్రాప్ మీద ఎఫ్ 2.8 చేసిన పని, ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్ 4 చేస్తుంది.

పైగా మన పెళ్లిళ్లలో వీడియో లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే వేళ అంత వెలుగులో ఎఫ్ 4కి ఏ లోటూ రాదు. ఆ వేళ ఎఫ్ 1.8 పెట్టుకున్నవాడికే చిక్కు. 85 ఎంఎం లెన్స్‌తో రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8 దగ్గర తీస్తే, స్పష్టంగా వచ్చే మందం సుమారు ఆరు సెంటీమీటర్లు. మూడు నాలుగు వేళ్ల వెడల్పు. పెళ్లికొడుకు ముఖం స్పష్టంగా వచ్చి, తెర అవతల పెళ్లికూతురు ముఖం మసకబారిందంటే, ఆ ముహూర్తం మళ్లీ రాదు కదండీ. అలాంటి వేళ ఎపర్చర్‌ను 4కో 5.6కో తగ్గించుకుని ఇద్దరి ముఖాలూ దక్కించుకోవాలి. ఆ ఎఫ్ 1.8 పెళ్లికూతురు ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు పనికొస్తుంది.

బరువు సంగతి కూడా చూడండి. నికాన్ జెడ్ వరుసలో 24-70 ఎఫ్ 4 అరకిలో ఉంటుంది. అదే 24-70 ఎఫ్ 2.8 మొదటి తరంది ఎనిమిది వందల గ్రాములు. సాయంత్రం ఎదురుకోలు దగ్గర మొదలుపెడితే తెల్లవారుజామున ముహూర్తం అయ్యేదాకా అది మెడలోనే ఉంటుంది. నలభై దాటినవాళ్లకి ఆ మూడు వందల గ్రాముల తేడా భుజంలో తెలుస్తుంది.

మరి ఎఫ్ 2.8 ఎవరికి కావాలి? వీడియో లైటు లేకుండా, ఫ్లాష్ లేకుండా తీసేవాళ్లకు. చర్చిలో పెళ్లిళ్లు, వేదిక మీద కూచిపూడి, రాత్రిపూట పద్య నాటకం. అక్కడ ఎంత వెలుగు దొరికినా తక్కువే. వాళ్లు ఎఫ్ 2.8 కొనుక్కోవలసిందే, అప్పుచేసినా తప్పులేదు.

ఇంకో రకం వాళ్లకు మాత్రం నేను నిజం చెప్పాలి. పక్షుల ఫోటోలు తీసేవాళ్లకు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు గట్టు మీద, కొల్లేరులో ఆటపాక దగ్గర, నేలపట్టు దగ్గర కెమెరాలతో కనబడే మిత్రులకు. మీ దగ్గర 70-300 లెన్స్ ఉందనుకోండి. క్రాప్ కెమెరా మీద అది 450 చూపు చూస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌కి మారిన రోజున అది 300 మాత్రమే. కొంగ ఒక్కసారిగా దూరం జరిగినట్టు ఉంటుంది. ఆ పోయిన దూరం మళ్లీ తెచ్చుకోవాలంటే 150-600 లాంటిది కావాలి. దాని బరువు సుమారు రెండు కిలోలు. ఉప్పలపాడులో అయితే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులో చెట్ల మీదే దగ్గరగా కూర్చుంటాయి కాబట్టి చిన్న లెన్స్‌తో కూడా సర్దుకోవచ్చు. కొల్లేరులో అలా కుదరదు. పక్షులే మీ లోకమైతే క్రాప్ బాడీనే ఉంచుకోండి. ఆ డబ్బు మంచి టెలీ లెన్స్‌కి పెట్టండి. ఇది నా గట్టి అభిప్రాయం.

వెడల్పు లెన్సుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫుల్ ఫ్రేమ్ కొన్న ఉత్సాహంలో 16-35 కూడా వెంటనే కావాలనిపిస్తుంది. ఆగండి. పాత 18-55లో మీరు చూసిన ఆఖరి వెడల్పు, మన లెక్క ప్రకారం, 27. కొత్త జూమ్ 24 దగ్గర మొదలవుతుంది. అంటే పాతదాని కన్నా ఎక్కువ వెడల్పు మీ చేతికి ఇప్పటికే వచ్చింది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే అదే చాలు. స్టేజి మీద కుటుంబం ఫోటోకైతే ఆ 24 కూడా వద్దు. చివర నిలబడ్డ పిన్నిగారు, బాబాయిగారు పక్కకు సాగిపోయి లావుగా వస్తారు. వెనక్కి నాలుగడుగులు వేసి 35 దగ్గర తీయండి.

ఇక బిగింపు సంగతి. మౌంట్ అంటాం. లెన్స్ బాడీకి తగులుకునే చోటు. ఇక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది. నికాన్ 1959 నుంచి, కానన్ 1987 నుంచి ఒకే మౌంట్ నడుపుతూ వచ్చాయి. 2018లో రెండూ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ తెచ్చి కొత్త మౌంట్ పెట్టాయి. అద్దం తీసేశారు కాబట్టి లెన్స్ సెన్సర్‌కి బాగా దగ్గరైంది. నికాన్‌లో ఆ దూరం నలభై ఆరున్నర మిల్లీమీటర్ల నుంచి పదహారుకు దిగింది. మధ్యలో మిగిలిన ఖాళీని పూడ్చడానికే అడాప్టర్. దాంట్లో గాజేమీ ఉండదు. బోలు గొట్టం, లోపల విద్యుత్ తీగలు, అంతే. అందుకే పాత లెన్స్ కొత్త మిర్రర్‌లెస్ బాడీ మీద నాణ్యత తగ్గకుండా పనిచేస్తుంది. కొత్త లెన్స్ పాత బాడీ మీద మాత్రం పనిచేయదు.

ఒక హెచ్చరిక. నికాన్‌లో పాత ఏఎఫ్-డి రకం లెన్సులకు సొంత మోటారు ఉండదు. బాడీలోని మోటారే తిప్పేది. జెడ్ బాడీకి నికాన్ వారి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేసి వాటిని బిగిస్తే ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. కానన్‌లో ఈఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవి క్రాప్ లెన్సులు. పాత అద్దం ఉన్న ఫుల్ ఫ్రేమ్ బాడీలకు అవి అసలు తగులుకోవు. కొనే ముందు లెన్స్ మీద ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే చదవండి.

అందరూ మిర్రర్‌లెస్ వైపు వెళ్తున్నారు కాబట్టి, పాత మౌంట్‌లో మంచి మంచి ఫుల్ ఫ్రేమ్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. నాకైతే ఇది చిన్న ఊరి ఫోటోగ్రాఫర్లకు దొరికిన మంచి అవకాశం అనిపిస్తుంది. కానీ మనది సముద్రతీరం. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు. గాలిలో తేమ. తేమ ఉన్నచోట లెన్స్‌కి ఫంగస్ పడుతుంది. సెకండ్ హ్యాండ్ లెన్స్ చేతికి రాగానే రెండు వైపులా మూతలు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది ఫంగస్. ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ముందు గాజు మీద సన్నటి గీత ఒకటి ఉంటే అంత కంగారు పడక్కర్లేదు, ఫోటోలో అది దాదాపు కనబడదు. బేరం చేసుకోవడానికి పనికొస్తుంది. మీ కెమెరాకి బిగించి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, గోడకు అంటించిన దినపత్రికను ఫోటో తీసి మూలల్లో అక్షరాలు చదవండి. ఒక వైపు చక్కగా ఉండి రెండో వైపు అలుక్కుపోతే ఆ లెన్స్ ఎప్పుడో కిందపడిందన్నమాట.

కొన్నాక దాన్ని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. ఖర్చు కొద్దిగానే. వానాకాలంలో పెళ్లిళ్లు లేకపోయినా వారానికోసారి బయటికి తీసి వాడండి.

తెనాలి తమ్ముడి కథ పూర్తి చేస్తాను. వాడి కాగితం మీద గీతలు రెండు చోట్ల గుంపుగా పడ్డాయి. ఒక గుంపు 27కీ 45కీ మధ్య, ఇంకో గుంపు 80 దగ్గర. రెండు గుంపులనూ కలిపి పట్టే లెన్స్ 24-105 ఎఫ్ 4. వాడిది కానన్. పాత ఈఎఫ్ మౌంట్‌లో ఆ లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, టార్చి వేసి చూసి తెచ్చుకున్నాడు. అడాప్టర్ ఒకటి. ఆ చవక 50 ఎలాగూ ఉంది. 85 ఇంకో సీజన్ అయ్యాక కొంటానన్నాడు. దుకాణంలో చూపించిన 24-70 ఎఫ్ 2.8 కోసం చేయబోయిన అప్పు చేయలేదు.

వాడు వెళ్తూ వెళ్తూ అన్న మాట నా మనసులో ఉండిపోయింది. "ముందే వచ్చి ఉంటే బాడీ కూడా ఆగి కొనేవాణ్ణేమో అన్నా" అన్నాడు. అందుకే ఇంకా కొననివాళ్లకి చెబుతున్నాను. ఇందాక ఒక పెద్ద సలహా ఉందన్నాను కదా, అది ఇదే. ముందు ఏ మౌంట్ వైపు వెళ్తారో నిర్ణయించుకోండి. తర్వాత లెన్స్ కొనండి. బాడీ ఆఖరున కొనండి. పెద్ద టార్చిలైటు పోస్టుకార్డుకు కూడా పనికొస్తుందని చెప్పుకున్నాం. పాత మౌంట్‌లో ఇవాళ కొన్న ఫుల్ ఫ్రేమ్ లెన్స్ రేపటి నుంచే మీ పాత బాడీ మీద సంపాదించి పెడుతుంది. బాడీ విలువ ఏడాది ఏడాదికీ పడిపోతుంది. మంచి లెన్స్ విలువ అంత త్వరగా పడదు. ఆగినకొద్దీ బాడీ చవకవుతుంది.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఈ మధ్య తీసిన ఒక పెళ్లి తెరవండి. ఆల్బంలోకి ఎక్కిన వంద ఫోటోలు చాలు. ఒక్కో ఫోటో తెరిచి ఎన్ని ఎంఎం దగ్గర తీశారో చూసి గీత గీయండి. ఒకటిన్నరతో హెచ్చవేయండి. ఆ కాగితం జేబులో పెట్టుకున్నాకే దుకాణానికి బయల్దేరండి.